సింగరేణి బొగ్గు గనులు - కార్మిక వలసలు, పట్టణముల ఎదుగుదల

సింగరేణి బొగ్గు గనులు దక్షిణ భారతదేశములో మొట్టమొదటి పెద్ద బొగ్గు గనులు. నాటి హైదరాబాదు రాజ్యములో, ఖమ్మము - భద్రాచలము అడవుల అంచున ఉన్న ఇల్లందు వద్ద 1889లో బొగ్గు ఉత్పత్తి ప్రారంభమైనది. రైలు మార్గము, విదేశీ పెట్టుబడి, దూరప్రాంతముల నుండి వలస వచ్చిన కూలీలు అనే మూడు శక్తులు కలిసి రెండు దశాబ్దముల లోపే ఒక అటవీ గ్రామమును పారిశ్రామిక పట్టణముగా మార్చివేసినవి. ఇదే క్రమము తరువాత కొత్తగూడెము, బెల్లంపల్లి, గోదావరిఖని, మణుగూరు మొదలగు చోట్ల పునరావృతమైనది. 19వ శతాబ్దము చివరి భాగములో అమెరికా, ఐరోపాలలో బొగ్గు, రైలు, వలస కార్మికుల మూలముగా పట్టణములు పెరిగిన చరిత్రకు తెలుగునాట దగ్గరి ఉదాహరణ ఇది. ఈ వ్యాసము గనుల సాంకేతిక విషయముల కంటె ఎక్కువగా, వాటి చుట్టూ చేరిన మనుషుల చరిత్రను, ఏర్పడిన పట్టణముల చరిత్రను వివరిస్తుంది.

భౌగోళిక నేపథ్యము

ప్రాణహిత - గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున గోండ్వానా యుగపు శిలలు విస్తరించి ఉన్నవి. తెలంగాణ బొగ్గు నిక్షేపములన్నియు ఈ శిలలలోనివే. ఈ బొగ్గు ఉక్కు తయారీకి కావలసిన కోకింగు రకము కాదు. దీనిలో బూడిద పాలు ఎక్కువ. అయినను ఆవిరి యంత్రములకు, రైలు ఇంజనులకు, విద్యుత్ కేంద్రములకు బాగుగా పనికివచ్చును.

19వ శతాబ్దములో ఈ ప్రాంతము రెండు ప్రభుత్వముల సరిహద్దు. గోదావరికి కుడి వైపున ఉన్న ఇల్లందు, పాల్వంచ, ఖమ్మము నిజాము పాలనలో ఉండేవి. ఎడమ గట్టున ఉన్న భద్రాచలము తాలూకాను 1860లో నిజాము ఆంగ్లేయులకు ఇచ్చివేసెను. అది కొంతకాలము మధ్య పరగణాలలో భాగముగా ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ అయినది. 1959 వరకు భద్రాచలము తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండి, ఆ ఏడు ఖమ్మము జిల్లాలో చేరినది. ఖమ్మము జిల్లా 1953లో వరంగల్లు జిల్లా నుండి విడివడి ఏర్పడినది. 2016లో జరిగిన పునర్విభజనలో ఇల్లందు, కొత్తగూడెము, పాల్వంచ, మణుగూరు, భద్రాచలము కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనికి వచ్చినవి. గనులకు పేరిచ్చిన సింగరేణి గ్రామము మాత్రము కారేపల్లి సమీపమున ఖమ్మము జిల్లాలోనే నిలిచినది.

ఈ అడవులలో ప్రధానముగా నివసించువారు కోయలు. పోడు వ్యవసాయము, అటవీ ఫలసాయము, పశువుల పెంపకము వారి జీవనాధారములు. బయటివారికి ఈ ప్రాంతము మన్యపు జ్వరమునకు, భద్రాచల రామాలయమునకు పోవు కష్టమైన బండి బాటలకు మాత్రమే ప్రసిద్ధి.

బొగ్గు కనుగొనుట

ఇల్లందు బొగ్గును గురించి ఈ ప్రాంతములో ఒక కథ ప్రచారములో కలదు. భద్రాచలమునకు పోవుచున్న యాత్రికులు దారిలో మజిలీ చేసి, నల్లని రాళ్ళతో పొయ్యి పెట్టి వంట చేసుకొనుచుండగా కట్టెలతో పాటు రాళ్ళు కూడ అంటుకొన్నవట. ఆ వార్త అధికారుల చెవిని పడగా అన్వేషణ మొదలైనదని చెప్పుదురు. కథ మాట ఎట్లున్నను, శాస్త్రీయముగా ఈ నిక్షేపమును గుర్తించిన ఘనత భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టరు విలియం కింగుది. ఆయన 1871 - 72 ప్రాంతములో ఇల్లందు పరిసరములలో బొగ్గు పొరలను గుర్తించి నివేదించెను. తరువాతి కాలములో ఆయన ఆ సంస్థకు అధిపతి అయ్యెను. ఇక్కడి ప్రధానమైన బొగ్గు పొరలలో ఒకదానికి నేటికిని 'కింగ్ సీమ్' అనియే పేరు. ఇల్లందుకు జనవాడుకలో 'బొగ్గుట్ట' అనే పేరు కూడ నిలిచిపోయినది.

బొగ్గు కనబడిన తరువాత దాదాపు పదునేడేండ్ల వరకు ఉత్పత్తి మొదలు కాలేదు. కారణము రవాణా. బొగ్గు బరువైన సరకు, విలువ తక్కువ. బండ్లమీద అడవి దాటించి తీసికొనిపోయినచో కిరాయి ఖర్చు బొగ్గు విలువను మించిపోవును. గోదావరిని నౌకాయానమునకు అనువుగా చేయవలెనని సర్ ఆర్థరు కాటను తలపెట్టిన పథకము క్రింద దుమ్ముగూడెము వద్ద ఆనకట్ట, కాలువ పనులు జరిగినవి గాని, 1871లో ఆ పథకమును ప్రభుత్వము విరమించుకొన్నది. నదీ మార్గము మూసుకొనిపోవుటతో రైలు వచ్చు వరకు బొగ్గు భూమిలోనే ఉండిపోయినది.

రైలు మార్గము, గనుల గుత్త

హైదరాబాదు రాజ్యములో వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలు మార్గము 1874లో పూర్తి అయినది. దానిని తూర్పునకు పొడిగించుటకు 1883లో లండనులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడినది. కంపెనీ వాటాదారులకు నిర్ణీత లాభమును నిజాము ఖజానా నుండి పూచీపడునట్లు ఒప్పందము జరిగినది. అనగా రైలు నష్టపోయినను మదుపుదారు నష్టపోడు.

ఈ ఏర్పాటుపై హైదరాబాదులో నిరసన పుట్టినది. చాందా రైల్వే ఆందోళన అని పేరొందిన ఈ ఉద్యమములో, పథకము వివరములను ప్రజల ముందుంచవలెనని కోరినవారిలో డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూము ముఖ్యులు. అఘోరనాథులు సరోజినీ నాయుడు తండ్రి. 1883 మే నెలలో ప్రభుత్వము ఆయనను ఉద్యోగము నుండి తొలగించి రాజ్యము నుండి పంపివేసినది. హైదరాబాదు రాజ్యములో ఆధునిక రాజకీయ చైతన్యమునకు ఈ ఆందోళనను తొలి మెట్టుగా చరిత్రకారులు పరిగణింతురు.

గనుల విషయమున జరిగినది ఇంతకంటె పెద్ద వివాదము. 1886 జనవరిలో నిజాము ప్రభుత్వము వాట్సన్, స్టూవర్టు అను ఇద్దరు ఆంగ్లేయులకు 99 సంవత్సరములకు ఖనిజ హక్కులను ఇచ్చినది. ఆ హక్కులతో అదే ఏడు ఇంగ్లండులో హైదరాబాదు (దక్కన్) కంపెనీ స్థాపితమైనది. దాని నామమాత్ర మూలధనము 10 లక్షల పౌండ్లు. అందులో అత్యధిక భాగము వాటాలు రొక్కము చెల్లించకయే ఒప్పందము పొందినవారికి దక్కినవి. పిమ్మట ఆ వాటాలనే నిజాము ప్రభుత్వము చేత హెచ్చు ధరకు కొనిపించినారను ఆరోపణ వచ్చినది. వ్యవహారమును నడిపిన ఉన్నతాధికారి సర్దార్ దిలేర్ జంగ్ అబ్దుల్ హక్ 1888లో పదవి నుండి సస్పెండ్ అయ్యెను. అదే ఏడు బ్రిటిషు పార్లమెంటు దిగువసభ దీనిపై ఒక సెలెక్టు కమిటీని నియమించి విచారణ జరిపినది. ఈ విధముగా ఒక బుట్టెడు బొగ్గు బయటికి రాకమునుపే సింగరేణి పేరు లండను పత్రికలకు ఎక్కినది.

విచారణ జరుగుచుండగనే రైలు పనులు సాగినవి. రైలు మార్గము వరంగల్లు మీదుగా డోర్నకలు చేరినది. 1888లో డోర్నకలు నుండి కారేపల్లి మీదుగా ఇల్లందు గనులకు శాఖా మార్గము పడినది. 1889లో ప్రధాన మార్గము బెజవాడ చేరుటతో ఈ బొగ్గుకు మద్రాసు రాజధాని తలుపులు తెరచుకొన్నవి. ఇల్లందులోని రైలు స్టేషనుకు ఊరి పేరు గాక 'సింగరేణి కాలరీస్' అనియే పేరు పెట్టినారు.

తవ్వకముల ఆరంభము

1889లో ఇల్లందు గనులలో ఉత్పత్తి ఆరంభమైనది. బొగ్గుకు మొదటి పెద్ద కొనుగోలుదారు రైల్వేలే. దక్షిణాదిలో మరెక్కడను పెద్ద బొగ్గు గని లేకపోవుటచే, అంతవరకు ఓడలమీద బెంగాలు నుండియు ఇంగ్లండు నుండియు తెప్పించుకొనుచున్న బొగ్గుకు బదులుగా రైల్వేలు, నూలు మిల్లులు సింగరేణి బొగ్గును వాడసాగినవి. 20వ శతాబ్దపు తొలి సంవత్సరముల నాటికి సాలుసరి ఉత్పత్తి 4 లక్షల టన్నుల ప్రాంతమునకు చేరినది.

కార్మికుల వలస

గనులకు కావలసిన మనుషులు ఆ ప్రాంతములో దొరకలేదు. కోయలు పోడు, వేట, అటవీ ఫలములతో స్వతంత్రముగా బ్రతుకువారు. గడియారము ప్రకారము భూమి క్రింద పనిచేయుటకు వారు సులభముగా ఒప్పుకొనలేదు. మైదాన గ్రామముల రైతు కూలీలు జ్వరపు భయముచేతను, చీకటి గుహలో దిగవలెనను భయముచేతను వెనుకాడిరి. అందుచేత కంపెనీ బయటి నుండి మనుషులను రప్పింపవలసి వచ్చినది.

వలస వచ్చినవారిని స్థూలముగా ఈ క్రింది వర్గములుగా చెప్పవచ్చును.

* ఉత్తరాది కార్మికులు: ఉత్తర భారతము, మధ్య పరగణాల నుండి వచ్చినవారు. స్థానికులు వీరిని 'పరదేశీలు' అని పిలిచెడివారు. లోధీ వంటి కులముల కుటుంబములు తరతరములుగా బొగ్గుబెల్టులో స్థిరపడినవి.
* తెలంగాణ మైదాన గ్రామముల వారు: వరంగల్లు, నల్లగొండ, కరీంనగరు ప్రాంతముల నుండి వచ్చిన పేద కుటుంబములు. వీరిలో దళితులు, చేతివృత్తులు దెబ్బతిన్నవారు ఎక్కువ.
* కోస్తా జిల్లాల వారు: బెజవాడ రైలు మార్గము తెరచిన తరువాత కృష్ణా, గోదావరి జిల్లాల నుండి వచ్చిన కూలీలు, మేస్త్రీలు, గుమాస్తాలు, వర్తకులు.
* ఆంగ్లేయులు, ఆంగ్లో-ఇండియనులు: గని మేనేజర్లు, ఇంజనీర్లు, రైలు ఉద్యోగులు.

జనమును కదిలించిన కారణములు ఒక్క కూలి డబ్బులే కావు. 1876 - 78 నాటి మహా క్షామము హైదరాబాదు, మద్రాసు, మైసూరు, బొంబాయి ప్రాంతములను కుదిపివేసినది. 1896 - 97, 1899 - 1900లలో మరల కరవులు వచ్చినవి. మిల్లు బట్టల పోటీకి సాలెవారి మగ్గములు నిలువలేదు. జమీను దేశముఖుల చేతిలో కేంద్రీకృతమై, వెట్టిచాకిరి సర్వసాధారణముగా ఉన్న తెలంగాణ గ్రామములలో, ఎంత కష్టమైనను రొక్కముగా కూలి ముట్టు పని ఒక విడుదల మార్గముగా కనిపించినది. ఊరిలో పేరుపెట్టి ఏకవచనముతో పిలువబడువాడు గని వద్ద మస్టరు పుస్తకములో ఒక సంఖ్య ఆయెను. ఆ సంఖ్యలో అవమానము కంటె స్వేచ్ఛయే ఎక్కువగా కనబడినవారు అనేకులు ఉండిరి.

కూలీలను తెచ్చు పని గుత్తేదారులు, సర్దారుల చేతిలో ఉండెడిది. సర్దారు తన ఊరి నుండి, తన కులము నుండి మనుషులను ముందు బయానా ఇచ్చి తెచ్చును. కూలి అతని చేతి మీదుగా ముట్టును. ముందిచ్చిన సొమ్ము, దుకాణపు అరువు పట్టుకొనగా చేతికి వచ్చునది తక్కువ. ఇట్లు వెట్టి నుండి పారిపోయి వచ్చిన మనిషి అప్పు రూపములో మరియొక కట్టుబాటులో చిక్కుకొనుట కూడ జరిగెడిది.

గనిలో పని

సింగరేణి కార్మికులు గనిని 'బాయి' అందురు. పనికి పోవుటను 'బాయి మీదికి పోవుట' అందురు. తొలి గనులలో బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిని అనుసరించిరి. ఈ పద్ధతిలో బొగ్గు పొరలో అడ్డముగాను నిలువుగాను దారులు తవ్వుచు, పైకప్పు కూలకుండ మధ్య మధ్య బొగ్గు స్తంభములను విడిచెదరు. కప్పుకు అడవి నుండి తెచ్చిన దుంగలను ఆసరాగా నిలుపుదురు.

బొగ్గును గునపముతోను సుత్తెతోను పగులగొట్టి, చెమ్మస్ అను వెడల్పాటి పారతో తట్టలోనికి ఎత్తి, తట్టను మోసికొనిపోయి టబ్బులో నింపుట కార్మికుని పని. 'తట్టా చెమ్మస్' అను జంట పదము సింగరేణిలో కూలి బ్రతుకుకు పర్యాయ పదమైనది. నిండిన టబ్బులను పట్టాల మీద తోసి, ఇనుప తాడుతో పైకి లాగెడివారు. కూలి లెక్క నిండిన టబ్బులను బట్టి ఉండెడిది. దుంగలు నిలుపుటకు, కప్పు పరీక్షించుటకు పట్టిన కాలమునకు కూలి లేదు. అందుచేత భద్రతకు వెచ్చించు ప్రతి నిమిషము కార్మికునికి తన కూలి నుండి కోతగానే తోచెడిది. గని ప్రమాదములలో కప్పు కూలుట ప్రధానమైనది కావుటకు ఈ చెల్లింపు పద్ధతియు ఒక కారణము.

అనుభవము కలవారు కప్పును కర్రతో తట్టి శబ్దమును బట్టి ప్రమాదమును గ్రహించెడివారు. గట్టి రాయి గణగణ మ్రోగును, విడిపోయిన రాయి బోలు శబ్దము చేయును. ఈ విద్య పుస్తకములలో గాక, పాతవారి ప్రక్కన పనిచేయుటచే అలవడెడిది.

గని పైతట్టున బొగ్గు ఎత్తుట, రాళ్ళు ఏరుట, వ్యాగనులు నింపుట వంటి పనులలో స్త్రీలు కూడ ఉండిరి. భూమి క్రింద స్త్రీలు పనిచేయుటను బ్రిటిషు ఇండియాలో 1929 నాటి నిబంధనలతో దశలవారీగా తగ్గించుచు నిషేధించిరి. హైదరాబాదు సంస్థానము కావున బ్రిటిషు ఇండియా గనుల చట్టములు ఇక్కడికి నేరుగా వర్తించెడివి కావు.

ఇల్లందు పట్టణము

ఇల్లందుకు పాత పేరు ఇల్లందులపాడు. గనులు తెరచిన పిమ్మట ఇది తాలూకా కేంద్రమై, నాటి వరంగల్లు జిల్లాలోని చెప్పుకోదగిన పట్టణములలో ఒకటి ఆయెను. పట్టణ నిర్మాణములో గని క్రమానుగతమే ప్రతిబింబించినది. ఎత్తైన చోట దొరల బంగళాలు, వాటికి దిగువన ఉద్యోగుల ఇండ్లు, గనులకు చేరువలో కూలీల లైన్లు, ఆ వెనుక ఎవరికి వారు వేసికొన్న గుడిసెలు. గనులకు ఉన్న అంకెలే వాడలకు పేర్లయినవి. ఇన్‌క్లైను, పిట్టు, బస్తీ అను పదములతో కూడిన వాడల పేర్లు ఇల్లందు, కొత్తగూడెములలో నేటికిని వినబడును.

నీరు, పారిశుద్ధ్యము జనాభాతో సమానముగా పెరుగలేదు. మలేరియా, కలరా తొలి దశాబ్దములలో గని ప్రమాదములతో సమానముగా కార్మికులను బాధించినవి.

గని పట్టణములో తెలుగు, ఉర్దూ, హిందీ కలిసిన ఒక మాటతీరు ఏర్పడినది. సర్దారు, మస్టరు, హాజరు, ఛుట్టీ, టబ్బు, షిఫ్టు అను పదములు ఒకే వాక్యములో ఇమిడిపోయినవి. ఊరిలో కలిసి కూర్చొనని కులములవారు బాయిలో ఒకే దీపము వెలుగున పనిచేసిరి. కాని బయటికి వచ్చిన తరువాత నీళ్ళ దగ్గర, వాడల దగ్గర కులభేదము చాలకాలము నిలిచియే ఉండెను.

రైలు కూడలిగా డోర్నకలు కూడ ఇదే కాలములో పెరిగినది. తిరునల్వేలి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ 1904లో అక్కడ పని ప్రారంభించినది. 1912లో వి.ఎస్. అజరయ్య డోర్నకలు బిషప్పుగా, ఆంగ్లికను సంఘములో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను.

అడవి, ఆదివాసులు

గనుల చరిత్రలో లాభనష్టముల పట్టికలో చేరని పక్షము ఆదివాసులది. బొగ్గు వారి అడవుల క్రింద ఉన్నది. గనులకు దుంగలు, రైలు మార్గమునకు స్లీపర్లు, ఇటుక బట్టీలకు కట్టెలు అన్నియు ఆ అడవి నుండియే వచ్చినవి. పోడుకు అనువైన అడవి తరుగుచుండగా, అటవీ శాఖల నిబంధనలు పెరుగుచు వచ్చినవి.

నదికి ఆవలి గట్టున ఇందుకు ముందే హెచ్చరిక కనబడినది. భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు 1874లో గోదావరి జిల్లాకు మారిన తరువాత పోడుపై పన్ను పెరిగినది. అడవిపై ఆంక్షలు వచ్చినవి. 1879లో రంప పితూరీ చెలరేగినపుడు ఆ అలజడి రేకపల్లి, భద్రాచలము వరకు వ్యాపించినది. దుమ్ముగూడెములో మిషనరీగా ఉన్న రెవరెండు జాన్ కెయిన్ ఆ కాలపు కోయల జీవితమును గురించి వ్రాసిన వ్యాసములు నేటికిని పరిశోధకులకు ఉపయోగపడుచున్నవి.

గనుల వెంట వచ్చిన వర్తకులు, వడ్డీ వ్యాపారులు, రైతులు క్రమముగా కోయల భూములలోనికి చొచ్చుకొనిపోయిరి. 1940లలో హైదరాబాదు రాజ్యపు ఆదివాసులను అధ్యయనము చేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ భూముల పరాయీకరణను వివరముగా నమోదు చేసెను. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండ మద్రాసు రాజధానిలో 1917లో ఒక చట్టము వచ్చినది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము 1959లో తెచ్చిన నిబంధనను 1970లో మరింత కఠినము చేసినది. జనవాడుకలో ఇది '1/70 చట్టము'. చట్టము వచ్చునాటికి పట్టణములు, గనులు, మార్గముల వెంట ఉన్న భూములలో అధిక భాగము చేతులు మారియున్నది. తమ నేల మీద పుట్టిన పరిశ్రమలో ఆదివాసులకు దక్కిన ఉద్యోగములు మొదటి నుండియు స్వల్పమే.

సమకాలీన ప్రపంచము

ఇల్లందు గనులు తెరచిన దశాబ్దములోనే అమెరికా సంయుక్త రాష్ట్రములకు సుమారు 52 లక్షల మంది వలస వెళ్ళిరి. 1880లో 5 లక్షల జనాభా ఉన్న చికాగో నగరము 1900 నాటికి దాదాపు 17 లక్షలకు పెరిగినది. పెన్సిల్వేనియా బొగ్గు గనులలో తొలుత వేల్సు, ఐర్లండు దేశస్థులు, పిమ్మట పోలండు, స్లొవాకియా, ఇటలీ ప్రాంతముల వారు పనిచేసిరి. కంపెనీ ఇండ్లు, కంపెనీ దుకాణము, ముందు అప్పు, టన్ను లెక్కన కూలి, భాష తెలియని కూలీలకును యాజమాన్యమునకును మధ్య దళారి అక్కడను కనిపించును.

పోలికలు ఎన్ని ఉన్నను రెండు ముఖ్యమైన భేదములు కలవు. మొదటిది, అమెరికాలో గని కార్మికులు 1890లోనే యునైటెడ్ మైన్ వర్కర్స్ అను జాతీయ సంఘమును ఏర్పరచుకొనిరి. సింగరేణిలో సంఘము నిలదొక్కుకొనుటకు ఇంకను అర్ధ శతాబ్దము పట్టినది. రెండవది, అమెరికా బొగ్గు అక్కడి ఉక్కు పరిశ్రమను, తయారీ నగరములను పెంచినది. సింగరేణి బొగ్గు తొలి దశలో అధికముగా రైలు ఇంజనులలో కాలి, లాభము లండను వాటాదారులకు చేరినది. అందుచేత ఇల్లందు పట్టణమయ్యెను గాని చికాగో వంటి నగరము కాలేదు.

ఇదే కాలములో తెలుగువారు బయటి దేశములకును వలసపోవుచుండిరి. గోదావరి, విశాఖపట్నము జిల్లాల నుండి కాకినాడ రేవు మీదుగా వేలాది కూలీలు రంగూనుకు పోయి అక్కడి బియ్యపు మిల్లులలో, రేవులలో పనిచేసిరి. 1860 నుండి మద్రాసు రేవు ద్వారా దక్షిణాఫ్రికాలోని నటాలుకు ఒప్పంద కూలీలుగా పోయినవారిలోను తెలుగువారు కలరు. ఒక వైపు తెలుగువారు సముద్రము దాటుచుండగా, మరొక వైపు ఉత్తరాది కూలీలు తెలుగు అడవులకు వచ్చుచుండిరి.

కార్మిక సంఘములు

1920 డిసెంబరు 23న హైదరాబాదు కంపెనీల చట్టము క్రింద సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడి, పాత దక్కన్ కంపెనీ ఆస్తి అప్పులను స్వీకరించినది. డిసెంబరు 23ను నేటికిని 'సింగరేణి డే'గా జరుపుకొందురు. 1945లో నిజాము ప్రభుత్వము అధిక సంఖ్యాక వాటాలను కొనుటతో కంపెనీ ప్రభుత్వ ఆధీనములోనికి వచ్చినది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో బొగ్గు గిరాకీ పెరిగి, ధరలు మండిపోవుచుండగా కార్మికులలో సంఘటిత చైతన్యము పెరిగినది. దేవూరి శేషగిరిరావు వంటి కమ్యూనిస్టు కార్యకర్తలు రహస్యముగా కార్మికులను కూడగట్టి సింగరేణి కాలరీస్ వర్కర్స్ యూనియనును నిర్మించిరి. మఖ్దూం మొహియుద్దీను, రాజ్ బహదూర్ గౌడ్ వంటి హైదరాబాదు కార్మిక నాయకులు దీనికి తోడ్పడిరి. తెలంగాణ సాయుధ పోరాట కాలములో, 1948లో శేషగిరిరావు ప్రాణము కోల్పోయెను. కొత్తగూడెములోని శేషగిరి భవనము ఆయన పేరున వెలసినదే. 1948 సెప్టెంబరు తరువాత పోరాట దళములు గోదావరి అడవులలోనికి తరలినపుడు, సైన్యము అనేక కోయ గూడెములను ఖాళీ చేయించి శిబిరములకు తరలించినది.

గుత్తేదారీ పద్ధతి తగ్గి ఉద్యోగములు స్థిరపడుట, పని గంటలు, వైద్యము, సెలవులు, భవిష్య నిధి వంటివి సంఘముల ఒత్తిడితోను స్వాతంత్ర్యానంతర చట్టములతోను వచ్చినవి. 1975 నుండి జాతీయ బొగ్గు వేతన ఒప్పందములు అమలులోనికి వచ్చినవి. 1998లో సింగరేణిలో తొలిసారిగా గుర్తింపు సంఘమునకు రహస్య బ్యాలెటు ఎన్నికలు జరిగినవి.

కొత్తగూడెము, తదుపరి పట్టణములు

1927లో కారేపల్లి నుండి కొత్తగూడెమునకు రైలు మార్గము పడినది. ఆ స్టేషనుకు 'భద్రాచలం రోడ్' అని పేరు. పాల్వంచ సంస్థానపు అడవిలో చిన్న గూడెముగా ఉన్న కొత్తగూడెము గనులు తెరచిన తరువాత వేగముగా పెరిగి, కంపెనీ ప్రధాన కార్యాలయమునకు నెలవైనది. ఇల్లందులో పని తగ్గగా అక్కడి కార్మికులు కొత్తగూడెమునకు, ఉత్తరమున బెల్లంపల్లికి, తరువాత రామగుండము - గోదావరిఖనికి తరలిరి. ఒకే కుటుంబములో తాత ఇల్లందులో, తండ్రి కొత్తగూడెములో, కుమారుడు మణుగూరులో పనిచేసిన ఉదాహరణలు బొగ్గుబెల్టులో సాధారణము.

బొగ్గు చుట్టూ ఇతర పరిశ్రమలు వచ్చినవి. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రపు మొదటి యూనిట్ 1966లో పనిచేయసాగినది. 1965లో భద్రాచలము వద్ద గోదావరిపై వంతెన తెరచిరి. వలస, ఉపాధి అను పాత ప్రశ్న ఇక్కడనే కొత్త రూపములో తలయెత్తినది. పాల్వంచ విద్యుత్ కేంద్రములో స్థానికులకు ఉద్యోగములు దక్కుట లేదను అసంతృప్తి 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమమునకు ప్రారంభ కారణములలో ఒకటి.

వర్తమానము

సింగరేణి కంపెనీలో తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటా కలదు. 1990ల ప్రారంభములో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య 2020ల నాటికి సుమారు 40 వేలకు తగ్గినది. ఉత్పత్తి మాత్రము అనేక రెట్లు పెరిగినది. భూగర్భ గనుల స్థానములో ఉపరితల గనులు, తట్టా చెమ్మస్ స్థానములో భారీ యంత్రములు వచ్చుటయే దీనికి కారణము. ఉపరితల గనుల వలన ఉద్యోగములు తగ్గి, భూమి, అడవి, గ్రామములు కోల్పోవుట పెరిగినది. ఒప్పంద కార్మికుల సంఖ్య పెరుగుటతో, పాతకాలపు గుత్తేదారీ పద్ధతి మరల వచ్చినదని కార్మిక సంఘములు విమర్శించుచున్నవి.

సింగరేణికి పుట్టినిల్లు అయిన ఇల్లందులో పాత భూగర్భ గనులు మూతపడినవి. పరిసరములలో ఉపరితల గనులలో పని సాగినను, పట్టణము మునుపటి ప్రాభవమును కోల్పోయినది. బొగ్గు తరిగిన తరువాత గని పట్టణము దేని మీద బ్రతుకవలెనను ప్రశ్నను ఈ బొగ్గుబెల్టులో అందరికంటె ముందు ఎదుర్కొన్న ఊరు ఇదే.

ముఖ్య ఘట్టములు

* 1871 - 72: ఇల్లందు ప్రాంతములో విలియం కింగ్ బొగ్గు పొరలను గుర్తించుట
* 1883: చాందా రైల్వే ఆందోళన
* 1886: హైదరాబాదు (దక్కన్) కంపెనీ స్థాపన
* 1888: ఇల్లందుకు రైలు శాఖ, లండనులో పార్లమెంటరీ విచారణ
* 1889: బొగ్గు ఉత్పత్తి ఆరంభము, బెజవాడకు రైలు
* 1920: సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పాటు
* 1927: కొత్తగూడెమునకు రైలు మార్గము
* 1945: అధిక వాటాలు నిజాము ప్రభుత్వ పరమగుట
* 1953: ఖమ్మము జిల్లా ఏర్పాటు
* 1998: గుర్తింపు సంఘమునకు తొలి ఎన్నికలు
* 2016: భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పాటు

ఇవి కూడా చూడండి

* ఇల్లందు
* కొత్తగూడెం
* డోర్నకల్
* దుమ్ముగూడెం
* చాందా రైల్వే ఆందోళన
* రంప పితూరీ
* కోయలు
* తెలంగాణ సాయుధ పోరాటం